మా ఊరి ఎం.బి. సంఘం చరిత్ర జూరిక్‌లో మొదలవదు

పాలమూరు పల్లెల్లో ఎం.బి. సంఘాలు వార్షికోత్సవాలకు అచ్చేసే సావనీర్లు ఈ మధ్య చాలా తిరగేశాను. ఎం.బి. అంటే మెన్నొనైట్ బ్రదరన్. ఊళ్లో ఎవరూ అంత పొడుగు పేరు పలకరు, పలకాల్సిన అవసరమూ రాదు. ఏ సావనీర్ తీసినా చరిత్ర పేజీ ఒకే తీరుగా ఉంటుంది. మొదటి పేరాలో 1525, జూరిక్. రెండో పేరాలో మెన్నో సైమన్స్. మూడో పేరాలో రష్యా. ఆ తర్వాత ఓడ దిగిన మిషనరీ దంపతులు, వాళ్లు కట్టిన బంగళా, బడి, ఆసుపత్రి. ఊరి పేరు చివర్లో వస్తుంది. ఫలానా సంవత్సరం సంఘం స్థాపించబడింది, ఫలానా ఫలానా పాస్టర్లు సేవ చేశారు, ఇప్పుడు ఇన్ని కుటుంబాలు ఉన్నాయి. ఎవరు స్థాపించారో, ఎందుకు స్థాపించారో, స్థాపించినందుకు ఏం పోగొట్టుకున్నారో ఉండదు. వెనక పేజీలో శుభాకాంక్షల ప్రకటనలు మొదలైపోతాయి.

నాగర్‌కర్నూల్‌కీ కల్వకుర్తికీ మధ్య ఒక చిన్న ఊళ్లో మా నాయన పెరిగిన సంఘం ఉంది. ఊరి పేరు రాయడం లేదు, కారణం కిందికి పోయేకొద్దీ తెలుస్తుంది. ఆ సంఘం పెద్దలు కూడా సావనీర్ వేయాలనుకున్నారు. హైదరాబాద్‌లో ఉండి ఏవో రాసుకుంటానని చరిత్ర పేజీ నాకు అప్పజెప్పారు. పక్క ఊరి సావనీర్ చేతిలో పెట్టి, దీన్ని చూసి రాయమన్నారు. చూశాను. ఇలా రాయకూడదని నాకు గట్టిగా అనిపించింది. యూరప్ కథ అబద్ధమని కాదు, అక్కర్లేదనీ కాదు. ఒక చిన్న పల్లె సంఘం చరిత్రను వాడలో మొదలుపెట్టాలి. వాడ కథ తెలిశాకే జూరిక్ కథకు మన దగ్గర అర్థం వస్తుంది. ముందు జూరిక్ పెడితే వాడ తోకలా మిగిలిపోతుంది.

యూరప్ సంగతి ముందు చెప్పేస్తాను, లేకపోతే దాచిపెట్టి వాదిస్తున్నానంటారు. 1525 జనవరి 21 రాత్రి జూరిక్‌లో ఫెలిక్స్ మాంజ్ ఇంట్లో కొందరు కూడారు. కాన్రాడ్ గ్రేబెల్ అక్కడ జార్జ్ బ్లౌరాక్‌కు బాప్తిస్మం ఇచ్చాడు. పసిబిడ్డకు తెలియకుండా చేసింది బాప్తిస్మం కాదు, తెలిసి అడిగి తీసుకున్నదే బాప్తిస్మం అని వాళ్ల పట్టు. ఇప్పుడు వింటే ఇందులో ప్రాణాల మీదికి వచ్చేంత ఏముందనిపిస్తుంది. ఆ కాలంలో బిడ్డకు బాప్తిస్మం ఇచ్చాకే ఊరి లెక్కలోకి, రాజ్యం లెక్కలోకి వచ్చేది. అది వద్దన్నవాడు రాజ్యాన్నే కాదన్నట్టు. అందుకే రెండేళ్లు తిరక్కుండా, 1527 జనవరిలో, మాంజ్‌ను లిమ్మత్ నదిలో ముంచి చంపారు. మెన్నో సైమన్స్ డచ్చి దేశపు కాథలిక్ పూజారి. 1536లో ఆ పని వదిలేసి, చెల్లాచెదురైన ఈ జనానికి కాపరిగా నిలిచాడు. ఆయన పేరే వాళ్లకు ఇంటిపేరులా అంటుకుంది.

సావనీర్లలో ఇంతవరకు బాగానే ఉంటుంది. తర్వాతి మూడు వందల ఏళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నాకు అన్నిటికంటే పనికొచ్చే భాగం అదే.

తరిమిన చోటి నుంచి లేచి, చిత్తడి నేలలను బాగుచేసుకుంటూ, డచ్చి మెన్నొనైట్లు ఇప్పటి పోలండ్‌లోని విస్తులా నది డెల్టాకు చేరారు. అక్కడి నుంచి రష్యా మహారాణి కాథరిన్ పిలుపు మీద 1789లో ఇప్పటి ఉక్రెయిన్ మైదానాలకు కదిలారు. 1804లో మొలోచ్నా అనే పెద్ద స్థావరం లేచింది. సైన్యంలోకి పిలవబోమని జారు ప్రభుత్వం హామీ ఇచ్చింది, భూములిచ్చింది, వాళ్ల బడి వాళ్లకు, వాళ్ల పంచాయతీ వాళ్లకు వదిలేసింది. రెండు మూడు తరాలు గడిచేసరికి ఏమైంది? మెన్నొనైట్ ఇంట పుట్టినవాడు మెన్నొనైట్. పెళ్లిళ్లు వాళ్లలో వాళ్లకే. వయసు రాగానే బాప్తిస్మం, ఆ తర్వాత పెళ్లి. తెలిసి తీసుకోవాల్సిన బాప్తిస్మం ఈడు వచ్చినందుకు చేసే తంతు అయింది. పొలం పెద్ద కొడుకో చిన్న కొడుకో ఒక్కడికే చేరేది, మిగతావాళ్లు భూమి లేనివాళ్లయ్యేవాళ్లు. 1860ల నాటికి మొలోచ్నాలో మూడింట రెండు వంతుల కుటుంబాలకు సొంత పొలం లేదు. పొలం లేనివాడికి ఊరి సభలో ఓటు కూడా లేదు.

మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే వాళ్లు ఒక కులమైపోయారు. అందులో భూస్వాములు, పాలేర్లు కూడా తయారయ్యారు.

దాని మీద విసిగినవాళ్లే 1860 జనవరి 6న 18 మంది ఇంటి పెద్దల సంతకాలతో వేరుపడి మెన్నొనైట్ బ్రదరన్ అయ్యారు. ఆ గుంపు నుంచే ఏబ్రహాం ఫ్రీజెన్, మరియా ఫ్రీజెన్ దంపతులు 1889లో మన వైపు వచ్చారు. ఏబ్రహాం హాంబర్గ్‌లోని బాప్టిస్టు సెమినరీలో చదివినవాడు. అందుకే అమెరికన్ బాప్టిస్టులతో ఒప్పందం చేసుకుని, 1890లో నల్లగొండలో దిగాడు. రష్యా పల్లెల్లో వసూలైన డబ్బుతో నల్లగొండలో పని నడిచింది. మొదటి ప్రపంచ యుద్ధం, ఆ తర్వాత విప్లవం వచ్చేసరికి ఆ డబ్బు ఆగిపోయింది, నల్లగొండ బాప్టిస్టుల చేతికే వెళ్లింది. ఈలోగా అమెరికాకు వలసపోయిన మెన్నొనైట్ బ్రదరన్ వాళ్లు సొంతంగా మనుషుల్ని పంపడం మొదలుపెట్టారు. 1899లో ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు వచ్చి హైదరాబాద్ మలక్‌పేటలో మకాం పెట్టారు. ఆరోగ్యం నిలవక హీబర్ట్ త్వరగానే వెనక్కి వెళ్లిపోయాడు. నాగర్‌కర్నూల్ స్టేషన్ 1906లో డేనియల్ బెర్గ్‌థోల్డ్ చేతుల మీద లేచింది. తర్వాత దేవరకొండ, ఆ తర్వాత వనపర్తి. 1937లో మహబూబ్‌నగర్, గద్వాల స్టేషన్లను బాప్టిస్టుల నుంచి తీసుకున్నారు. స్థూలంగా ఇదీ వరస.

ఈ వరసలో అబద్ధం లేదు. కానీ ఇది స్టేషన్ల చరిత్ర, సంఘాల చరిత్ర కాదు. స్టేషన్ అంటే ప్రహరీ గోడ, బంగళా, బడి, బోర్డింగ్, దవాఖానా. సంఘం అంటే నడిచిపోతే పూట పట్టే దూరంలో, ఊరి అంచున, వాడలో కూడే పదిహేను ఇరవై ఇళ్లు. ఒక స్టేషన్ కింద ఇలాంటి ఊళ్లు పదుల్లో ఉండేవి, స్టేషన్‌లో మిషనరీలు ఇద్దరో ముగ్గురో. వాళ్లు ఊళ్లు తిరిగేది చలికాలంలో, డేరాలు వేసుకుని. ఎండలు ముదిరితే కొడైకెనాల్ కొండలు ఎక్కాల్సిందే, లేకపోతే పిల్లలు బతకరని భయం. ఆ భయం నిజమే కాబట్టి తప్పు పట్టను. కానీ లెక్క వేసుకోండి. ఒక ఊరికి మిషనరీ దొరగారు ఏడాదిలో ఒకటి రెండు రోజులు కనబడితే గొప్ప. మిగతా ఏడాదంతా ఆ సంఘాన్ని నడిపిందెవరు?

మిషనరీల మీద నాకు కోపమేమీ లేదు. కాథరీనా షెలెన్‌బర్గ్ అనే డాక్టరమ్మ 1907లో వచ్చి, 1945 జనవరి 1న షంషాబాద్‌లో కన్ను మూసేదాకా ఇక్కడి ఆడవాళ్లకు వైద్యం చేసింది. మగ డాక్టర్ ముందు నోరు విప్పని పరదా కాలం అది. ఆవిడ పేరు ఏ సావనీర్‌లోనైనా వేయండి, నాకు సంతోషమే. నా పేచీ అంతా ఆవిడకు నీళ్లు కాచి ఇచ్చిన మనిషి పేరు, కాన్పు నొప్పుల్లో ఉన్న కోడల్ని బండిలో వేసుకుని రాత్రికి రాత్రి తీసుకుపోయిన అత్త పేరు, వాడలో "మందు తాగితే జాతి పోదు" అని పది ఇళ్లకు నచ్చజెప్పిన మనిషి పేరు ఎక్కడా లేకపోవడం గురించే.

వాడలో జరిగిందేమిటో చెప్పాలంటే కాస్త ఒంగోలు వైపు వెళ్లాలి. పాలమూరు పల్లెలకు చేరిన తీరు అక్కడే తయారైంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే, తోళ్ల బేరం మీద ఊరూరూ తిరిగే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ 1866లో భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత అది ఆయన చుట్టాల వెంట, బేరాల దారుల వెంట పాకింది. మిషన్ తెరిచిన దారి కాదది, అప్పటికే ఉన్న బంధుత్వాల దారి. 1878 జులై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని ప్రపంచమంతా చెప్పుకుంటారు. అంతకు ముందు కరువు నడిచినన్నాళ్లూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి మాత్రం తక్కువమంది చెప్తారు. గంజి కోసం వచ్చారన్న మాట రాకూడదని.

ఒంగోలులో చేరవచ్చినవాళ్లకు క్లౌ పెట్టిన షరతులు మూడు. ఆదివారం పని చేయకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి మూడూ భక్తి నియమాల్లా ఉంటాయి. వాడలో నిలబడి వినండి. చచ్చిన గొడ్డును ఈడ్చుకుపోవడం వాడ బాధ్యత, దాని తోలూ మాంసమూ ఆ చాకిరీకి కూలి. తిననంటే కూలి వద్దన్నట్టు. కూలి వద్దన్నవాడు రేపు ఈడ్చనూ అంటాడు. ఊరి జాతరలో డప్పు కొట్టడం, గావుకు, అంటే బలికి, నిలబడటం మొక్కు కాదు, పని. మొక్కను అంటే ఆ పనికి రాను అన్నట్టు. ఇక ఆదివారం. నిజాం రాజ్యంలో వెట్టికి వారం వర్జ్యం లేదు. తహసీల్దారు దిగితే మంచం మోయాలి, దొర కబురు పంపితే ఉన్నపళంగా పరుగెత్తాలి. అలాంటి చోట "ఏడు రోజుల్లో ఒక రోజు రాను" అనడం ప్రార్థన ఒక్కటే కాదు, సమ్మె కూడా. జీతగాడు వారానికో రోజు తనది అనుకోవడం దొరకు ఎంత మండిపోయేదో ఊహించుకోవచ్చు.

మా అవ్వ చెప్పేది, ఆమె అత్త కాలం నాటి మాట. వాడ పెద్దమనుషులు వేపచెట్టు కింద మూడు రాత్రులు కూర్చుని తన్నుకున్నంత పని చేశారట. క్రైస్తవంలోకి పోదామన్నవాళ్లు కొందరు, పోతే దొర గింజలు ఆపుతాడన్నవాళ్లు కొందరు. ఒకాయన ఒకే మాట అన్నాడట, "ఎట్లయినా సస్తనే ఉన్నం, అక్షరం నేర్చుకోని సద్దాం." చివరికి సగం వాడ పోయింది, సగం ఉండిపోయింది. దొర నిజంగానే గింజలు ఆపాడు. బావి దగ్గర, దారి మీద గొడవలయ్యాయి. ఆ ఏడు ఇద్దరు వెనక్కి వచ్చేశారు. మిగిలినవాళ్లు చెరువులో బాప్తిస్మం తీసుకున్నారు. అవ్వ ఈ కథ చెప్పేటప్పుడు మిషనరీ పేరు ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు గుర్తున్నవి వెనక్కి వచ్చిన రెండు ఇళ్ల పేర్లు. వాటిని మాత్రం తరాలు మారినా మరిచిపోలేదు!

ఇక్కడే నాతో చదువుకున్నవాళ్లు, ముఖ్యంగా బైబిల్ కాలేజీలో చదివినవాళ్లు, ఒక అడ్డు ప్రశ్న వేస్తారు. వాడంతా కూర్చుని తీర్మానం చేసుకుంటే అది తెలిసి తీసుకున్న బాప్తిస్మం ఎలా అవుతుంది? 1525లో ఒక్కొక్కడూ తనకు తానే నిర్ణయించుకున్నాడు కదా, మీరు చెప్పేది గుంపు కదా, మళ్లీ కులమే కదా? ఇంకొంచెం కటువుగా అడిగేవాళ్లు, చదువు కోసం, మందు కోసం, దొర నుంచి కాపాడతారని వచ్చినవాళ్ల విశ్వాసం విశ్వాసమేనా అంటారు.

ఈ ప్రశ్నను గౌరవంగానే తీసుకుంటాను. దీన్ని ఈ నేల మీదే పుట్టిన మనిషి ఒకరు ఎప్పుడో అడిగారు. పాల్ హీబర్ట్ 1932లో షంషాబాద్‌లో మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీల ఇంట పుట్టాడు, పాలమూరులోని ఒక ఊరి మీద పరిశోధన చేసి మానవశాస్త్రవేత్తగా పేరు తెచ్చుకున్నాడు. 1978లో ఒక వ్యాసంలో పాపయ్య అనే ఊహా రైతును నిలబెట్టాడు. చదువు రాని పాపయ్య పొలం పని నుంచి వచ్చి ఒక రాత్రి క్రీస్తు కథ విన్నాడు. క్రైస్తవుడు కావాలంటే పాపయ్యకు ఎంత తెలిసుండాలి? ఇంత తెలిస్తే లోపల, తెలియకపోతే బయట అని గీత గీసుకుని కూర్చుంటే పాపయ్య ఎప్పటికీ బయటే ఉంటాడు. ఎటు తిరిగాడు, ఎటు నడుస్తున్నాడు అని చూస్తే లెక్క మారుతుందని హీబర్ట్ వాదన.

నేను ఇంకో అడుగు ముందుకు వేస్తాను. జూరిక్‌లో ఆ రాత్రి కూడినవాళ్లూ ఒంటరిగా లేరు. ఒక ఇంట్లో కలిశారు, ఒకరి చేత ఒకరు బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ల నిర్ణయానికి విలువ తెచ్చింది ఒంటరితనం కాదు, మూల్యం. రాజ్యం చంపుతుందని తెలిసి చేశారు. వాడ పెద్దలు దొర గింజలు ఆపుతాడని తెలిసి చేశారు. మూడు రాత్రులు వాదించుకుని, సగం మంది కాదన్నా మిగతా సగం ముందుకు పోతే దాన్ని గుడ్డి గుంపు అనడం ఎలా కుదురుతుంది? కాదనగలిగినవాళ్లు కాదన్నారు. వెనక్కి వచ్చేవాళ్లు వచ్చేశారు. మొలోచ్నాలో పుట్టుకతో వచ్చిన మెన్నొనైట్‌తనం కంటే, ఈడు రాగానే చేసిన బాప్తిస్మం కంటే, వేపచెట్టు కింది ఆ గొడవే 1525కు దగ్గరి చుట్టం. అక్షరం కోసం వచ్చారా? వచ్చారు. తన పుస్తకం తానే చదువుకోవాలన్నది జూరిక్ వాళ్ల కోరిక కాదా మరి?

ఇలా అన్నంత మాత్రాన మా సంఘాన్ని పూజలో పెట్టేయను. మా సంఘం ఒక వాడది. రెండో వాడ వాళ్లు పదేళ్ల తేడాలో వేరే పేరుతో, వేరే మందిరం కట్టుకున్నారు. రెండింటి మధ్య దూరం పాట వినబడేంత. ఒకే దేవుడు, ఒకే బైబిలు, ఒకే కీర్తనల పుస్తకం. అయినా ఆ వాడ పిల్లను ఈ వాడకు ఇచ్చిన పెళ్లి ఒక్కటీ నాకు గుర్తు లేదు. దొరను ఎదిరించిన వాడ, పక్క వాడతో ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో కలిసి తీసుకునే రొట్టె, ద్రాక్షరసం, పంచుకోవడానికి మాత్రం తరాల తరబడి వెనకాడింది. చుట్టరికం దారుల వెంట వచ్చిన నమ్మకం ఆ దారులు ఆగిన చోటే ఆగింది. మిషన్ కూడా దీన్ని చూసీ చూడనట్టు ఊరుకుందని నా అభిప్రాయం. కులంగా బతకడం ఏమిటో వాళ్లకు ఇంటి దగ్గరే తెలుసు, తెలిసినవాళ్లే గట్టిగా చెప్పాల్సింది.

శాంతి సంగతీ అంతే. మెన్నొనైట్లు అనగానే ప్రపంచానికి గుర్తొచ్చేది కత్తి పట్టకపోవడం. మా ఊళ్లో పెద్దలను అడిగితే, అలాంటి బోధ తమకు ప్రత్యేకంగా ఎవరూ చెప్పినట్టు గుర్తు లేదంటారు. ముంచే బాప్తిస్మం గురించి, సారా మానడం గురించి, ఆదివారం గురించి గంటలు గంటలు చెప్పారట. దీనికి వాళ్లనే తప్పు పట్టడం కష్టం. 1918, 1919లలో ఉక్రెయిన్ తిరుగుబాటు నాయకుడు మఖ్నో దళాలు మీద పడినప్పుడు మొలోచ్నాలో మెన్నొనైట్ కుర్రాళ్లే తుపాకులు పట్టి ఆత్మరక్షణ దళాలు కట్టారు. ఎవరు అసలు మెన్నొనైట్లు అని కొలిచే తూకం ఎవరి చేతిలోనూ సరిగ్గా లేదు.

వేపచెట్టు కింద ఇంకో లోటు ఉంది. ఆ మూడు రాత్రులూ కూర్చున్నది మగవాళ్లు. ఆడవాళ్లను ఎవరూ అడగలేదు. యూరప్‌లో చచ్చిన తొలి తరం సాక్షుల్లో ఆడవాళ్లు చాలామంది, మగవాళ్లలాగే వాళ్లనీ పేరు పేరునా విచారించారు, వాళ్ల జవాబులు రాసి పెట్టారు. మన దగ్గర ఆడవాళ్ల జవాబు ఎక్కడా లేదు. కానీ సంఘం బతికింది వాళ్ల మీదే. మగవాళ్లు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఆనకట్టల పనికో, బొంబాయికో, పుణేకో పోయేవాళ్లు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. పనులు మొదలైతే ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు, బాలింతలు. ఆ నెలల్లో ఆదివారం గంట కొట్టింది ఆడవాళ్లు. గంట అంటే చెట్టుకు వేలాడే రైలుపట్టా ముక్క. చదువు రాకపోయినా, ఇళ్లు తిరిగి బైబిలు చెప్పే బైబిలు స్త్రీ నోట విని నేర్చుకున్న కీర్తనలు వంద పైగా వచ్చేవి మా అవ్వకు. రోజూ వంటకు ముందు ఒక పిడికెడు గింజలు విడిగా కుండలో వేసేవాళ్లు. ఆ పిడికెళ్లే పాస్టర్ ఇంటికి నెల తిండి. డాలర్లు వచ్చింది స్టేషన్‌కి. ఊరి సంఘం నడిచింది ఈ కుండ మీద.

రాత్రి జ్వరం పట్టి గాలి సోకిందని ఎవరైనా వణికిపోతే వచ్చి కూర్చునేదీ వీళ్లే. దవాఖానా రోగానికి, దేవుడు పరలోకానికి అని మిషన్ రెండు ముక్కలుగా సర్దేసింది. మధ్యలో ఉండే భయాలకు, దిష్టికి, పంట పోవడానికి అక్కడ జవాబు లేదని పాల్ హీబర్టే 1982లో రాశాడు. ఊళ్లో ఆ మధ్య భాగాన్ని నింపింది ఏ శాస్త్రమూ చదవని నలుగురు ముసలమ్మల ప్రార్థన. వాళ్లు పోయాక ఆ చోటు ఖాళీ అయింది. మైకు పెట్టి దయ్యాలు వెళ్లగొట్టే కొత్త మందిరాలకు మా పిల్లలు ఎందుకు పోతున్నారని పెద్దలు వాపోతుంటారు. కారణం అదేనని నా అనుమానం.

1958లో భారత సంఘాల గవర్నింగ్ కౌన్సిల్ ఏర్పడి, క్రమంగా పగ్గాలు మనవాళ్ల చేతికి వచ్చాయి. సభ్యులు లక్ష దాటారు. ఆ తర్వాతి కథలో సగం పట్నం కాంపౌండ్ల భూములు, కమిటీలు, కోర్టు వాయిదాలు. మా ఊరి సంఘానికి అందులో వాటా లేదు, దానికి ఉన్నది రెండు గుంటల జాగా. దాని మీద ఎవరికీ కన్ను పడలేదు. పేదరికం వల్ల కలిగిన ఒకే ఒక్క లాభం!

ఇక ఊరి పేరు ఎందుకు రాయలేదో చెప్పాలి.

చరిత్ర వాడలో మొదలుపెట్టాలంటే పేర్లు కావాలి. పెద్దల దగ్గరికి వెళ్లి, మొదట బాప్తిస్మం తీసుకున్న ఇళ్లేవి, గంట కొట్టిన ఆడవాళ్లెవరు, పాత బాప్తిస్మం రిజిస్టరు ఉందా అని అడిగాను. మొహాలు మారిపోయాయి. రిజిస్టరు లేదన్నారు. ఉందని నాకు తెలుసు, వాళ్లకూ తెలుసు.

1950 షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు లేదు. మన దగ్గర ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లను వెనకబడిన తరగతుల్లో బీసీ-సీ అనే గుంపులో పెట్టి 1 శాతం రిజర్వేషన్ చూపించారు. మతం షరతు తీసేయమని 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చెప్పింది, ఎవరూ తీయలేదు. ఇదే ప్రశ్న మీద 2022లో బాలకృష్ణన్ కమిషన్‌ను వేశారు. 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు, చర్చికి వెళ్తూ ఉద్యోగం కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనంది. ఆ పుదుచ్చేరి కేసులో, ఉద్యోగం అడిగిన మనిషికి చంటిబిడ్డగా ఉన్నప్పుడు ఇచ్చిన బాప్తిస్మం రికార్డు కూడా సాక్ష్యంగా నిలిచింది. వాడలో ఉన్నప్పుడు బావి దగ్గర అడ్డుకున్నవాడు ఏ మతమని అడగలేదు, ఇప్పటికీ అడగడు. సర్టిఫికెట్ ఇచ్చేవాడు అడుగుతాడు. అందుకే మా ఊళ్లో ఒక్కొక్కరికి రెండు పేర్లు. బడిలో ఒకటి, బల్ల దగ్గర ఒకటి.

ఇప్పుడు జూరిక్ గుర్తు చేసుకోండి. అక్కడ బాప్తిస్మం వద్దన్నవాడి పేరు రాజ్యం లెక్కలోంచి పోయింది. ఇక్కడ బాప్తిస్మం తీసుకున్నవాడి పేరు లెక్కలోంచి పోతుంది. అయిదు వందల ఏళ్ల తర్వాత కూడా నీళ్లలో మునిగిన సంగతిని ప్రభుత్వం రిజిస్టర్లో చూసి మనిషి చోటు తేలుస్తోంది. మా పెద్దలకు ఈ పోలిక చెప్పినప్పుడు మొదటిసారి వాళ్లకు జూరిక్ మీద ఆసక్తి కలిగింది. అంతకు ముందు సావనీర్లలో చదివినప్పుడు కలగలేదట. వాడ ముందు, జూరిక్ తర్వాత అని నేను మొత్తుకునేది దీనికే.

రిజిస్టరు దాచినందుకు వాళ్లను పిరికివాళ్లు అనేవాళ్లున్నారు, దొంగలు అనేవాళ్లూ ఉన్నారు. పట్నంలో ఉద్యోగం చేసుకుంటూ అలా అనడం సుళువు. మనవడి సీటు, మనవరాలి హాస్టలు ఆ కాగితం మీద ఉన్నాయి. పల్లె సంఘాలకు చరిత్ర లేకపోవడానికి నిర్లక్ష్యం కారణమని ఇన్నాళ్లూ అందరం అనుకున్నాం. అది సగమే. మిగతా సగం, రాసి పెడితే నష్టపోయేలా చట్టం ఉండటం. మిషనరీల పేర్లు రాయడంలో ఎవరికీ నష్టం లేదు కాబట్టి అవే మిగిలాయి.

చివరికి పెద్దల ముందు నా ప్రతిపాదన పెట్టాను. పేర్లు వద్దు, పనులు రాద్దాం. ఆదివారం వెట్టికి రానని మొదట చెప్పిన ఇల్లు. అక్షరం నేర్చుకుని సద్దామన్న మనిషి. మగవాళ్లు పుణేలో ఉన్న కరువు ఏడాది గంట ఆపని ముసలమ్మ. పిడికెడు గింజల కుండ. రెండో వాడతో బల్ల పంచుకోకపోవడం కూడా రాయాలన్నాను. దాని మీద పెద్ద గొడవే అయింది, ఒక్క వాక్యానికి ఒప్పుకున్నారు. వెనక్కి వచ్చిన రెండు ఇళ్ల సంగతి మాత్రం వద్దంటే వద్దన్నారు, వాళ్ల మనవలు ఇప్పుడు సంఘంలోనే ఉన్నారు.

అందరిలో పెద్దాయన, వరసకు నాకు పెద్దనాయన అవుతాడు, అంతా విని ఒక్క అభ్యంతరం లేవదీశాడు.

"పేరు లేకుండా రాస్తే, వెట్టికి పోనన్నది మా తాతనే అని ప్రతి ఇంటోళ్లు అంటరు గదా బిడ్డా?"

"అననీ పెద్దనాయనా," అన్నాను.